పైమెరుగు, లోపలి ఇనుము: కియా కార్ల కథ

కియా అన్న పేరులో రెండు చైనా అక్షరాలున్నాయి. మొదటిదానికి పైకి లేవడం అని అర్థం, రెండోది ఆసియాకు గుర్తు. ఆసియా నుంచి లేచి లోకమంతటా నిలబడాలన్నది ఆ పేరు పెట్టినవాళ్ల ఆశ. పేరు పెట్టిన 1952 నాటికి కంపెనీ దగ్గర కారు మాట అటుంచి, మోటారు సైకిలు కూడా లేదు. కొరియా యుద్ధం ఇంకా నడుస్తోంది. సోల్ నగరం నుంచి ఫ్యాక్టరీ దక్షిణాన పుసాన్ రేవుకు తరలిపోయింది. అక్కడ ఆ ఏడాది ఒక సైకిలు తయారైంది. దాని పేరు సమ్‌చోల్లి. దేశమంతా అని చెప్పడానికి తెలుగులో ఆసేతుహిమాచలం అన్నట్టే, తమ నేల మొత్తాన్ని కలిపి చెప్పేటప్పుడు కొరియన్లు ‘మూడు వేల రి’ అంటారు. రి అంటే అక్కడి పాతకాలపు దూరం కొలత. ఆ మాటే సైకిలుకు పేరైంది. సైకిళ్ల విభాగం తర్వాత వేరు కంపెనీగా విడిపోయి, ఇప్పటికీ అదే పేరుతో నడుస్తోంది.

వ్యవస్థాపకుడు కిమ్ చోల్‌హో. జపాన్‌లోని ఒసాకాలో నట్లు, బోల్టుల పని నేర్చుకుని, 1944 డిసెంబరులో సోల్‌లోని యోంగ్‌డంగ్‌పోలో చిన్న విడిభాగాల కార్ఖానా పెట్టాడు. కొరియా అప్పటికి జపాన్ ఏలుబడిలోనే ఉంది. కిమ్ నడిచిన దారిలో తొందర కనిపించదు. ముందు సైకిలు, 1961లో హోండా లైసెన్సుతో మోటారు సైకిలు, 1962లో మాజ్దా నమూనాతో మూడు చక్రాల సరుకు బండి. ఆ బండి పేరు కె-360. ఇరుకు సందుల్లో కూరగాయలు, బొగ్గు మోయడానికి అంతకు మించి అక్కర్లేని కాలమది. 1973లో సోహారి అనే చోట పూర్తి స్థాయి కార్ల ఫ్యాక్టరీ తయారైంది. ఇంజిన్ నుంచి బాడీ దాకా అన్నీ ఒకే ఆవరణలో చేసే కార్ల ఫ్యాక్టరీ కొరియాలో అదే మొదటిది. అది మొదలైన ఏడాదే కిమ్ చనిపోయాడు. మాజ్దా ఫమీలియా ఆధారంగా చేసిన బ్రీసా కారు 1974లో రోడ్డెక్కింది. తన కంపెనీ చేసిన కారును ఆయన చూడలేకపోయాడు.

కారు చేయడం వచ్చింది కదా అనుకునేలోపే ప్రభుత్వం అడ్డుపడింది. 1981లో సైనిక పాలకుడు చున్ డూ-హ్వాన్ హయాంలో పరిశ్రమల సర్దుబాటు పేరుతో ఎవరేం చేయాలో సర్కారే పంచిపెట్టింది. కార్లు హ్యుందాయ్‌కీ, తర్వాత దేవూగా మారిన సేహాన్‌కీ దక్కాయి. కియాకు చిన్న లారీలు, వ్యాన్లు మిగిలాయి. మోటారు సైకిళ్ల వ్యాపారం కూడా చేయి దాటిపోయింది. ఈ దెబ్బకు మూతపడాల్సిన కంపెనీని బోంగో అనే వ్యాను నిలబెట్టింది. పదీ పన్నెండు మంది ఎక్కే వాహనం కొరియా కుటుంబాలకూ, చిరు వ్యాపారులకూ సరిగ్గా అవసరమైన సమయంలో దొరికింది. మన ఊళ్లలో మట్టి తవ్వే యంత్రం ఎవరు చేసినదైనా జేసీబీయే అయినట్టు, కొరియాలో ఏ వ్యానైనా బోంగోయే అయింది. ఆ విజయాన్ని అక్కడివాళ్లు ‘బోంగో పురాణం’ అని చెప్పుకుంటారు.

నిషేధం తొలగాక 1987లో కియా మళ్లీ కార్లకు వచ్చింది. ఆ కారు పేరు ప్రైడ్. దాన్ని గీసింది జపాన్ మాజ్దా, కట్టింది కొరియా కియా, ఫెస్టివా పేరుతో అమెరికాలో అమ్మింది ఫోర్డ్. ముగ్గురు కలిసి వండిన ఆ వంట అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం నిలిచింది. ఇరాన్‌లో సైపా అనే కంపెనీ 1993లో ప్రైడ్ తయారీ మొదలుపెట్టి 2020 దాకా ఆపలేదు. అక్కడి మధ్యతరగతి మొదటి కారు అదే. ప్రమాదంలో ప్రాణం కాపాడదన్న చెడ్డపేరూ దానిదే. చవకగా దొరికినందుకు దగ్గరికి తీసి, రేకు పలుచనైనందుకు తిట్టుకున్న కారది. కియా పేరు చుట్టూ ఆ తర్వాత కూడా ఈ రెండు మాటలూ జంటగానే తిరిగాయి.

సొంతంగా గీసుకున్న కారు సెఫియా 1992లో వచ్చింది. మరుసటి ఏడాది స్పోర్టేజ్ వచ్చింది. అమెరికా అమ్మకాలు 1994లో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కొద్దిమంది డీలర్లతో మొదలయ్యాయి. ధర తక్కువ కాబట్టి విద్యార్థులు, మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లు, అప్పు పుట్టని వాళ్లు కొన్నారు. కొన్నవాళ్లు షెడ్డు చుట్టూ తిరిగారు. నాణ్యత సర్వేల్లో కియా స్థానం అట్టడుగున ఉండేది. కియా అక్షరాలు మూడూ ఇంగ్లిషులో యుద్ధంలో చనిపోయిన సైనికుడికి వాడే పొట్టి అక్షరాలు కూడా కావడంతో హాస్యానికి కొదవ లేకపోయింది. డ్రైవరు మోకాళ్లకు ఎయిర్‌బ్యాగ్ పెట్టిన తొలి కారు 1996 స్పోర్టేజ్ అన్న సంగతి ఆ నవ్వుల్లో ఎవరికీ పట్టలేదు.

సొంత దేశంలో పరిస్థితి ఇంకా అధ్వానం. హ్యుందాయ్, దేవూ, సామ్‌సంగ్‌ల వెనక ఒక్కో కుటుంబం ఉంది. కియాకు అలాంటి యజమాని లేడు. జీతానికి పనిచేసే మేనేజర్లు నడిపే కంపెనీ, ఉద్యోగులకూ వాటాలున్న కంపెనీ అని కొరియా పత్రికలు మెచ్చుకునేవి. మెప్పు బాకీలు తీర్చదు. ఉక్కు కర్మాగారం, లారీల కంపెనీ, నిర్మాణ వ్యాపారం అంటూ అప్పు చేసి విస్తరించారు. 1997 జులై నాటికి 9 లక్షల కోట్ల వోన్లకు పైబడిన అప్పుతో గ్రూపు చేతులెత్తేసింది. ఆ నవంబరులోనే కొరియా ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి గడప తొక్కింది. ఆసియా ఆర్థిక సంక్షోభంలో కియా కూలిందని సాధారణంగా చెబుతారు గానీ, కియా కూలడం ఆ సంక్షోభాన్ని ముదరబెట్టిన కారణాల్లో ఒకటి.

1998లో కంపెనీని వేలం వేశారు. ఫోర్డ్, దేవూ, సామ్‌సంగ్ పోటీపడ్డాయి. చివరికి దక్కించుకున్నది పాత ప్రత్యర్థి హ్యుందాయ్. మొదట 51 శాతం వాటా కొంది, తర్వాత అది మూడో వంతుకు తగ్గింది. కియాకు కూడా హ్యుందాయ్ గ్రూపు విడిభాగాల కంపెనీ మోబిస్‌లో వాటా ఉంది, మోబిస్‌కు హ్యుందాయ్‌లో వాటా ఉంది. ఎవరిది ఎవరి సొత్తో తేల్చడానికి కొరియా న్యాయవాదులకు చేతినిండా పని. కారు కొనేవాడికి తెలియాల్సింది మాత్రం ఒక్కటే: అప్పటి నుంచి రెండు కంపెనీల కార్లకూ ఇంజిన్లు, గేరుబాక్సులు, అడుగు చట్రాలు చాలావరకు ఒక్కటే. కంటికి కనబడే భాగాలు ఎవరివి వారివి, కనబడనివి ఉమ్మడి.

చెడ్డపేరు పోగొట్టుకోవడానికి హ్యుందాయ్ వాళ్లు ఎంచుకున్న మొదటి సాధనం కాగితం మీది హామీ. అమెరికాలో ఇంజిన్, గేరుబాక్సులకు 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ఇచ్చారు. లక్ష మైళ్లంటే 1 లక్షా 60 వేల కిలోమీటర్లు. యూరప్‌లో కియా 7 ఏళ్ల వారంటీ ఇచ్చింది. పోటీదారులు ఇస్తున్నది అందులో సగం కూడా లేదు. ఇది దాతృత్వం కాదు. అన్నేళ్లు రిపేరు ఖర్చు కంపెనీదే అయినప్పుడు, ఫ్యాక్టరీలో ఒక బోల్టు వదులుగా బిగిస్తే ఆ నష్టం తిరిగి తన జేబుకే వస్తుంది. గ్రూపు ఛైర్మన్ చుంగ్ మోంగ్-కూ నాణ్యత మీద పట్టుబట్టిన సంవత్సరాలివి. 2006 చివర్లో స్లొవేకియాలోని జిలినాలో, 2009లో అమెరికా జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌లో ఫ్యాక్టరీలు మొదలయ్యాయి.

రెండో సాధనం రూపం. ఛైర్మన్ కొడుకు చుంగ్ ఉయ్-సన్ కియా బాధ్యత తీసుకున్నాక, 2006లో జర్మనీ నుంచి పీటర్ ష్రాయర్‌ను రప్పించాడు. ఆడి టీటీ కారు గీసిన మనిషి. అప్పటి కియా కార్లను చూస్తే ఏది ఎవరి కారో బిళ్ల చూస్తే తప్ప తెలిసేది కాదు. మనిషికి ముఖం ఉన్నట్టే కారుకూ ఉండాలని, ముందు జాలీని మధ్యలో పైనా కిందా నొక్కినట్టు గీశాడు. దానికి ‘పులి ముక్కు’ అన్న పేరు స్థిరపడింది. 2007లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలోని నమూనా కారు మీద మొదటిసారి కనిపించిన ఆ ముక్కు, రెండు మూడేళ్లలో ప్రతి కియాకూ వచ్చింది. 2010లో వచ్చిన ఆప్టిమాతో జనం తల తిప్పి చూశారు. కొరియా కంపెనీలో ఒక విదేశీ డిజైనరు 2013 నాటికి అధ్యక్ష పదవి దాకా వెళ్లడం ఆ దేశపు అలవాట్లలో లేని పని. కియా పేరును మార్చినవాళ్లలో ఒక్కరిని ఎంచాలంటే ష్రాయర్‌నే ఎంచాలి.

ఫలితం సర్వేల్లో కనబడింది. అమెరికాలో జె.డి. పవర్ అనే సంస్థ కొత్త కారు కొన్నవాళ్లను మొదటి 90 రోజుల్లో ఏమేం ఇబ్బందులు వచ్చాయని అడిగి, నూరు కార్లకు ఎన్ని ఫిర్యాదులో లెక్కగడుతుంది. 2016లో ఆ జాబితాలో కియా మొదటి స్థానంలో నిలిచింది. ఖరీదైన బ్రాండు కానిది మొదటికి రావడం 27 ఏళ్లలో అదే మొదటిసారి. మూడేళ్లు నడిచిన కార్ల మన్నికను కొలిచే సర్వేలో కూడా 2022లో లెక్సస్, పోర్షేల్ని దాటి మొదటికొచ్చింది. బహుమతులూ వచ్చాయి. టెల్యురైడ్ 2020లో, విద్యుత్ కారు ఈవీ9 2024లో ప్రపంచ ఉత్తమ కారుగా ఎంపికయ్యాయి. 2022లో ఈవీ6 యూరప్ ఉత్తమ కారు అయింది. ఏ కొరియా కంపెనీకీ అంతకుముందు ఆ గౌరవం దక్కలేదు.

కానీ 90 రోజుల సర్వేకు పట్టుబడని జబ్బులుంటాయి. థీటా-2 అనే ఇంజిన్ కథ అలాంటిదే. 2.0, 2.4 లీటర్ల పెట్రోలు ఇంజిన్ అది, ఆప్టిమాలో, సోరెంటోలో, హ్యుందాయ్ సొనాటాలో వాడారు. ఇంజిన్‌లో పిస్టన్ల ఊపును తిప్పుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌లో నూనె పారడానికి సన్నటి రంధ్రాలుంటాయి. వాటిని తొలిచేటప్పుడు రాలిన ఇనుప రజను పూర్తిగా శుభ్రం కాలేదు. ఆ రజను నూనె దారికి అడ్డంపడితే బేరింగులు ఎండిపోతాయి. మొదట టకటకమని చప్పుడు, తర్వాత రోడ్డు మధ్యలో ఇంజిన్ బిగిసిపోవడం, కొన్ని కార్లలో మంటలు. హ్యుందాయ్ 2015లో రీకాల్ మొదలుపెడితే, అదే ఇంజిన్ వాడిన కియా 2017 దాకా ఆగింది. అప్పుడు ఒక్క అమెరికాలోనే దాదాపు 6 లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. సర్వేలో మొదటి బహుమతి వచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదు.

సంగతి బయటపెట్టినవాళ్లలో హ్యుందాయ్ నాణ్యత విభాగపు ఇంజినీరు కిమ్ గ్వాంగ్-హో ఒకడు. పత్రాలతో సహా అమెరికా రోడ్డు భద్రతా సంస్థను ఆశ్రయించాడు. ఉద్యోగం పోయింది. 2020 నవంబరులో ఆ సంస్థతో హ్యుందాయ్ 14 కోట్ల డాలర్లకు, కియా 7 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నాయి. మరుసటి ఏడాది కిమ్‌కు 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా బహుమానం అందింది. రీకాల్‌ను ఆలస్యం చేయడం కియా చరిత్రలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఇంజిన్ చెడిపోవడాన్ని యజమానులు క్షమించగలరు. చెడిపోతుందని తెలిసీ చెప్పకపోవడాన్ని క్షమించడం కష్టం. మైలేజీ విషయంలోనూ ఇలాంటి మచ్చే ఉంది. లేని మైలేజీని స్టిక్కరు మీద రాసినందుకు 2014లో రెండు కంపెనీలూ కలిసి 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టాయి.

ఆ తర్వాతి దెబ్బ దొంగల వల్ల తగిలింది. తాళంచెవిలో చిప్ లేకపోతే ఇంజిన్ స్టార్టు కాకుండా ఆపే ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అంటారు. కెనడాలో చట్టం అడుగుతుంది కాబట్టి అక్కడ పెట్టారు. అమెరికాలో చట్టం అడగదు కాబట్టి 2011 నుంచి 2022 దాకా అమ్మిన, తాళం తిప్పి స్టార్టు చేసే చాలా కియా, హ్యుందాయ్ కార్లకు పెట్టలేదు. స్టీరింగ్ కింది మూత ఊడదీసి, ఫోన్ చార్జింగ్ కేబుల్ కొసతో తిప్పితే కారు కదిలిపోతుందని 2021లో మిల్వాకీ నగరపు కుర్రాళ్లు వీడియోలు పెట్టారు. ఊరూరా దొంగతనాలు పెరిగాయి, ప్రాణాలు పోయాయి. కొన్ని మోడళ్లకు కొత్తగా బీమా ఇవ్వబోమని పెద్ద బీమా కంపెనీలు కొన్నిచోట్ల మొరాయించాయి. కియా 45 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. 2023లో రెండు కంపెనీలూ యజమానులతో దాదాపు 20 కోట్ల డాలర్ల రాజీకి వచ్చాయి. కంటికి కనబడని చోట మిగుల్చుకున్న చిల్లర డబ్బు ఇంత ఖరీదు పలికింది.

తెలుగు నేలకు కియా 2017లో వచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ మండలంలోని ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న పెనుకొండ అది. వేరుశనగ కూడా చేతికి రాని వర్షాభావపు సీమ. ఫ్యాక్టరీకి అక్కడ అనుకూలించినవి 44వ నంబరు జాతీయ రహదారి, బెంగళూరు విమానాశ్రయం దగ్గర కావడం, హంద్రీ-నీవా కాలువ నీటితో నిండే గొల్లపల్లి జలాశయం. చెన్నై వైపు హ్యుందాయ్ ఫ్యాక్టరీ, దాన్ని నమ్ముకున్న విడిభాగాల కంపెనీలూ అందుబాటులో ఉన్నాయి. హైదరాబాద్‌లోని హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రంలో గ్రూపు కార్ల డిజైన్ పని అంతకుముందు నుంచే జరుగుతోంది. కొరియా ఇంజినీర్ల వెంట వాళ్ల భోజనమూ వచ్చింది. జొన్నరొట్టె, రాగిసంగటి తినే సీమలో హోటళ్ల ముందు కొరియా లిపి బోర్డులు లేచాయి.

మొదటి కారు సెల్టోస్ 2019 ఆగస్టు 22న మార్కెట్లోకి వచ్చింది. షోరూం ధర 9 లక్షల 69 వేల నుంచి మొదలైంది. భారత్ మార్కెట్‌కు కొత్తదైన కంపెనీ కారుకు విడుదలకు ముందే 30 వేలకు పైగా బుకింగులు పడ్డాయి. చట్రమూ ఇంజిన్లూ హ్యుందాయ్ క్రెటాతో దగ్గరి చుట్టరికం ఉన్నవే. జనాన్ని లాగినవి రూపం, చల్లగాలి వచ్చే సీట్లు, పెద్ద తెర, ఫోన్‌తో కలిసే సదుపాయాలు. 2020లో కార్నివాల్, సోనెట్, 2022లో కారెన్స్ వచ్చాయి. 2023 జులైలో ఎర్రమంచి నుంచి 10 లక్షలవ కారు బయటికొచ్చింది. నాలుగేళ్లలో ఆ అంకె అందుకోవడం చిన్న సంగతి కాదు. మధ్యలో ఒక వింత కూడా జరిగింది. ఏళ్ల తరబడి విడతలుగా దాదాపు 900 ఇంజిన్లు మాయమయ్యాయని కంపెనీ 2025లో పెనుకొండ పోలీసులకు ఫిర్యాదు చేసింది. అమెరికాలో దొంగలు కార్లతో పోతే ఇక్కడ ఇంజిన్లతో పోయారు.

ఇక్కడి యజమానుల మాటల్లో కియాకు రెండు మార్కుల పట్టీలు కనబడతాయి. పెట్టిన డబ్బుకు దక్కే హంగులు, 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ లాగుడు, దాని మైలేజీ ఒక పట్టీలో ఉంటాయి. తొలి సెల్టోస్ గతుకుల్లో గట్టిగా కుదుపుతుందన్న మాట, డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు ట్రాఫిక్‌లో పాకుతూ పోయేటప్పుడు వేడెక్కుతుందన్న భయం రెండో పట్టీలో ఉంటాయి. వీటన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చింది భద్రత. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షలో సెల్టోస్‌కు పెద్దల రక్షణ విషయంలో 3 స్టార్లే వచ్చాయి. టాటా, మహీంద్రా కార్లు 5 స్టార్లు చూపించుకుంటున్న రోజులవి. ఆ తర్వాత కియా ఆరు ఎయిర్‌బ్యాగులను సెల్టోస్‌లో, కారెన్స్‌లో అన్ని రకాలకూ ఇచ్చింది. 2025లో కియా సైరాస్ అనే కారు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 స్టార్లు తెచ్చుకుంది.

భారత్‌లో కియా అమ్మే కార్లలో థీటా-2 ఇంజిన్ లేదు. అయినా రీకాల్ అన్నది ఇక్కడికీ కొత్త కాదు. ఎయిర్‌బ్యాగులను నడిపే భాగంలో సాఫ్ట్‌వేర్ సరిచేయడానికి 2022 అక్టోబరులో 44 వేలకు పైగా కారెన్స్ కార్లను పిలిచారు. రీకాల్ పని ఉచితం. కారు చేతులు మారితే కంపెనీ పంపే కబురు పాత యజమానికే పోతుంది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కియా తీసుకునేవారు బండి రంగు, తెర సైజు చూసే ముందే, చాసిస్ నంబరు చెప్పి రీకాల్ పనులేమైనా పెండింగ్ ఉన్నాయేమో కంపెనీ సర్వీసు కేంద్రంలో అడగాలి.